విహారనౌకా కరపత్రము: సటీకాతాత్పర్యము

అవతారిక

ఏ గ్రంథమునకైనను వ్యాఖ్యానము పుట్టుటకు కారణములు రెండు: మూలము దుర్బోధమై యుండుట యొకటి, వ్యాఖ్యాత కోపముతో నుండుట రెండవది. ప్రస్తుతమున రెండును సమకూడినవి.

విశాఖపట్టణపు రేవున 2023లో విహారనౌకల కొఱకై ప్రత్యేకముగ నొక టెర్మినలు వెలసినది మొదలు, సముద్రమును ఒడ్డున నిలిచి చూచుటతోడనే తృప్తినొందిన మావంటి వారికి సయితము దానిపై నాలుగు దినములు తేలియాడి రావలెనను కోరిక పుట్టుచున్నది; పుట్టిన కోరికను పసిగట్టి, ఎన్నడును పేరు వినని సంస్థల కరపత్రములు మెఱుగుకాగితముపై నీలివన్నెలతో ఇంటికి వచ్చి వ్రాలుచున్నవి. అట్టి వానిలో నొకదానిని మేము పలుమాఱులు చదివితిమి. చదువుటకు ముందు ఓడ యెట్టిది, భోజన మెట్టిది, వెల యెంత యను మూడు సందేహములు మాత్రమే యుండెను. చదివిన పిమ్మట ఆ మూడును అట్లే యుండగా, ఇట్టి వాక్యములను వ్రాయువారు నిజముగ ఇతరులకు తెలియవలెనని వ్రాయుదురా యను నాలుగవ సందేహము పుట్టినది.

మన మెదకు సీమలోని కొలిచెలమ వంశమున జన్మించిన మల్లినాథసూరి, మూలమున లేనిదానిని వ్రాయననియు, అక్కఱలేనిదానిని పలుకననియు ప్రతిన పట్టి మహాకావ్యములకు వ్యాఖ్య లొనర్చెను. ఆ ప్రతినలోని మొదటి సగమును మేము పాటింపజాలము. ఏలయన ఈ మూలమునందు ఉండవలసిన దేదియు లేదు, లేనిదానినే వ్రాయవలసి యున్నది. రెండవ సగమును పాటించుట మా స్వభావమునకు విరుద్ధము.

మూలము

“ఏడు సముద్రాల మహారాణి! సరికొత్త అనుభూతి! అయిదు రాత్రుల విలాసయాత్ర ఒక్కొక్కరికి 49,999 రూపాయల నుండి* (ఇద్దరు పంచుకొను గది). సకల భోజనాలూ కలిపి. ప్రపంచస్థాయి రుచులు. రండి, మైమరవండి! *షరతులు వర్తిస్తాయి.”

“రండి” యనగా నేమో, “మైమరవండి” యనగా నేమో పాఠకు లెఱుగుదురు. సుగమము గాన ప్రతిపదార్థమును విడిచితిమి. మైమఱచినవాడు రసీదు నడుగడను సూక్ష్మార్థమును మాత్రము గ్రహింపవలయును.

టీక

ఏడు సముద్రాల మహారాణి: ఈ నౌక బంగాళాఖాతము దాటి యెన్నడును పోదని కరపత్రము వెనుకనున్న పటమే చెప్పుచున్నది. కావున ఇచ్చట సప్తసముద్రములను పౌరాణికార్థమున గ్రహింపవలయును. లవణ, ఇక్షు, సురా, సర్పి, దధి, క్షీర, జల సముద్రములని పురాణములు లెక్కించినవి గదా. వానిలో లవణము ఓడ క్రిందనే యున్నది. చెఱకురసమునకు బదులు పంచదారపాకములో తేలు పిండివంటలు, నేయి, పెరుగు, పాలు, త్రాగునీరు భోజనశాలయందు యథేచ్ఛముగ లభించును. మూడవదియగు సురాసముద్రము మాత్రము ఈ వెలలో చేరదు. దానికి వేఱుగ దినవారీ ప్యాకేజి కలదు. అదియు ఒక గదిలోని యిద్దఱిలో ఒకరు కొన్నచో రెండవవారును కొనితీరవలెనని కొన్ని సంస్థలు శాసించినవి. భార్య పాలు త్రాగినను భర్త పుణ్యమున ఆమెకును సుర వెల పడునని భావము.

సరికొత్త: ఈ విశేషణము ఓడకు కాక “అనుభూతి”కి అన్వయించునని వైయాకరణు లెఱుగుదురు; ఎఱుగనివారు ఓడయే క్రొత్తదని సంతసింతురు. విహారనౌకకు జన్మసంవత్సర మొకటి, నామకరణములు పెక్కు. 2022లో విశాఖ రేవునకు వచ్చి నగరజనమును మురిపించిన ‘ఎంప్రెస్’ను గైకొందము. అది 1990లో ఫ్రాన్సుదేశమున ‘నార్డిక్ ఎంప్రెస్’ అను పేర పుట్టి, 2004లో ‘ఎంప్రెస్ ఆఫ్ ది సీస్’యై, పిమ్మట స్పెయినువారి చేతిలో ఉత్తరపదమును కోలుపోయి ఉత్త ‘ఎంప్రెస్’గ నిలిచి, 2016లో కోలుపోయిన సముద్రములను తిరిగి పొంది, 2021లో కార్డీలియా సంస్థవారి చేతికి వచ్చి మరల వానిని వదలుకొన్నది. ముప్పది యేండ్లు పైబడిన ఓడ చెడ్డదని మా మతము కాదు. చక్కగ మరమ్మతులు జరిగిన పాత ఓడలో మెట్లు తక్కువ, నడక తక్కువ, దారి తప్పుటయు తక్కువ. వయసు మీఱినవారికి అదియే మేలు కావచ్చును. పుట్టిన యేడు, ఇటీవల బాగుచేయించిన యేడు అను రెండంకెలను కరపత్రమున వేయుటకు పట్టు సిరా యెంత యని మాత్రమే మా ప్రశ్న.

సిరా కఱవనుటకును వీలులేదు. ‘నలుబది యెనిమిదివేల టన్నుల మహానౌక’ వంటి ప్రగల్భములకు అది సమృద్ధిగనే యున్నది. ఈ టన్ను బరువు కాదు. ద్రాక్షసారాయి పీపాలెన్ని పట్టునో దానినిబట్టి ఓడను కొలుచు ఆచారమునుండి పుట్టి, పందొమ్మిదవ శతాబ్దిమధ్యమున ఆంగ్లేయులచేత నూఱు ఘనపుటడుగులకు ఒక టన్నుగ స్థిరపడి, 1969 నాటి అంతర్జాతీయ ఒడంబడికచే ఓడ లోపలి ఘనపరిమాణమునుండి సూత్రముచే సాధింపబడు అంకెగ మాఱినది. కావున దానివలన తెలియవలసినది ఓడ యెంత బరువన్నది కాదు, మనకు మసలుట కెంత చోటన్నది. ఆ చోటును ప్రయాణికుల సంఖ్యచే భాగింపనిదే ఫలము లేదు. 2024లో తిరుగ మొదలిడిన ‘ఐకన్ ఆఫ్ ది సీస్’ 2,48,663 టన్నులది. గదికి ఇద్దఱు చొప్పున 5,610 మంది. తలకు 44 టన్నులు. ‘క్వీన్ మేరీ 2’ అందులో మూడువంతులైనను లేక, 1,49,215 టన్నులతో, 2,691 మందికి తలకు 55 టన్నుల చోటిచ్చుచున్నది. ఎంప్రెస్ 48,563 టన్నులు; సుమారు 1,600 మంది; తలకు 30. చూచితిరా, అన్నిటికంటె పెద్దదైన ఓడ అన్నిటికంటె విశాలము కాకపోయినది! మంచముల సంఖ్యను బట్టి కాక, ఒక్కొక్క గదిలో మూడవ నాలుగవ పడకలను వ్రేలాడదీసి ముగ్గురు నలుగురు చేరిరేని ఈ లెక్కయు తలక్రిందులగును. పిల్లలకు బడిసెలవులున్న మాసములందు అట్లే జరుగును. ఇట్టి భాగహారమును మూడవతరగతి బాలుడు చేయగలడు, కరపత్రకర్త చేయడు.

ఇక ఈ సంస్థ పేరెన్నడును వినలేదే యను శంక. తెలియని సంబంధము వచ్చినపుడు మనవారు ముందు గోత్రమడిగి, ఇంటిపేరడిగి, మేనమామల నడిగి, తీగలాగి తెలిసిన యిల్లొకటి తగులువఱకు విడువరు గదా. ఓడలకును అదియే మార్గము. పేర్లు వేఱైనను గోత్రములు కొలదియే. ప్రిన్సెస్, హాలండ్ అమెరికా, కునార్డ్, కోస్టా, సీబోర్న్, ఐడా యనునవి యన్నియు కార్నివాల్‌వారి యింటివే. సెలెబ్రిటీ, సిల్వర్‌సీ యనునవి రాయల్ కరేబియన్‌వారివి. ఓషియానియా, రీజెంట్ యనునవి నార్వీజియన్‌వారివి. ఎంఎస్‌సీవారు సరకుల పెట్టెలను సముద్రముపై మోయు కులవృత్తినుండి మనుష్యులను మోయుటకు వచ్చిరి. ఒక్క కడుపున పుట్టినను గుణములు వేఱుగ నుండుట మనుష్యులలోవలెనే ఇందును కలదు. ఒకరు పిల్లలకు జారుడుబండలు, ఒకరు వృద్ధులకు వీణానాదము. కాని గోత్రము తెలిసినచో అడుగవలసిన ప్రశ్నలు తెలియును. మాకు వచ్చిన కరపత్రమున గోత్రమును లేదు, ప్రవరయును లేదు. ఒక సెల్లుఫోను సంఖ్య మాత్రము గలదు.

గది: మూలమున ఈ పదము కుండలీకరణములలో సిగ్గుపడి నిలిచియున్నది. గది యేది, ఎచ్చట, కిటికీ కలదా, కలిగినను దానికి అడ్డముగ ప్రాణరక్షణపు పడవ వ్రేలాడుచుండునా యను విషయములపై గ్రంథకర్త మౌనము. ఇచ్చట మా పూర్వుల నొకరిని స్మరింపక తప్పదు.

ధారానగర ప్రభువగు భోజుని పేర చెల్లుచున్న ‘యుక్తికల్పతరువు’ అను గ్రంథమున నౌకాప్రకరణ మొకటి గలదు. అందు నౌకలు సామాన్యములనియు విశేషములనియు ద్వివిధములు. సామాన్యములు క్షుద్ర, మధ్యమ, భీమ, చపల, పటల, భయ, దీర్ఘ, పత్రపుట, గర్భర, మంథర యని పది. విశేషములలో దీర్ఘలు పది, ఉన్నతలు అయిదు. ఒక్కొక్కదానికి పొడవింత, వెడల్పింత, ఎత్తింత యని కొలతలున్నవి. ముఖమున సింహమో, మహిషమో, సర్పమో, గజమో, వ్యాఘ్రమో, పక్షియో ఉండవచ్చునట. నాలుగు స్తంభముల ఓడకు తెలుపు, మూడింటిదానికి ఎఱుపు, రెండింటిదానికి పసుపు, ఒక స్తంభముదానికి నీలము వన్నెలు. సముద్రమున అయస్కాంతశిలలు లాగుకొనునని పలకలను ఇనుపమేకులతో బిగింపరాదని హెచ్చరిక. పిమ్మట గదుల ప్రస్తావన. ఈ కొన నుండి ఆ కొన వఱకు గదులున్నది సర్వమందిర. రాజకోశమును, అశ్వములను, స్త్రీలను కొనిపోవుట కర్హము. గది ముందువైపున నున్నది అగ్రమందిర. దూరప్రయాణములకును యుద్ధమునకును తగినది. నడుమ గదియున్నది మధ్యమందిర. రాజుల విలాసయాత్రకు తగినది, వానకాలమునకును పనికివచ్చును.

విలాసయాత్రకు మధ్యమందిర! వేయి యేండ్లనాటి యీ మాటను నేటి నావికులు మఱియొక దారిని చేరిరి: ఓడ యూగునపుడు ముందువెనుకల కొనలు తక్కెడ తట్టలవలె లేచి పడును, నడుమ భాగము స్థిరముగ నుండును, కావున కడుపులో త్రిప్పు స్వభావము కలవారు నడుమ, క్రిందియంతస్తున గది నడుగుట మేలు. వానకాలపు బంగాళాఖాతమున ఈ శాస్త్రమునకు ప్రత్యక్షప్రమాణము మెండు. పైయంతస్తున ముందువైపు గదికి హెచ్చువెల నిచ్చి, సముద్రమును చూచుటకు మాఱు పళ్లెరమును చూచుచు కాలము గడపువారు గలరు.

ఇంకొక్క విశేషము. ఆ గ్రంథకర్త, పైని చెప్పిన పదింటిలో భీమ, భయ, గర్భర యను మూడును అశుభములని, పేరుపెట్టి, దాపరికము లేక చెప్పెను. తన జాబితాలోనే తనకు నచ్చని ఓడలను చూపిన కరపత్రకర్త ఆ తరువాతి యేండ్లలో పుట్టినట్లు కనబడదు.

ఒక్కొక్కరికి 49,999 రూపాయల నుండి: ఇదియే మూలమునందలి గుండెకాయ. “నుండి” యనునది ఆరంభావధిని చెప్పును. ఎచ్చట ముగియునో “వఱకు” చెప్పవలయును. ఈ గ్రంథమున “వఱకు” లేదు. ఆద్యంతరహితుడు పరమాత్మ, అంతరహితము మాత్రమైనది ఈ ధర.

దీని వెనుక నున్నవి వరుసగ వచ్చును. రేవు రుసుము. పన్ను. దినమునకు ఇంత యని పనివారి బక్షీసు. అంతర్జాల సదుపాయము. రేవున దిగి ఊరు చూచుటకు బస్సు. పెద్ద అమెరికా సంస్థల ఓడలలో బక్షీసు ఒక్కటే తలకు దినమునకు రమారమి పదునాఱు మొదలు ఇరువది డాలర్ల వఱకు నడచుచున్నది. అనగా దంపతులకు అయిదు రాత్రులకు నూటయఱువది నుండి రెండువందల డాలర్లు. సేవకు మెచ్చి యిచ్చునది బక్షీసు; మెచ్చుటకు ముందే ఖాతాలో వ్రాయబడునది కప్పము.

కప్పమనగా గుర్తుకు వచ్చినది. సముద్రతీరమున రుసుములను గూర్చి తెలుగునేలపై వ్రాయబడిన ఉత్తమగ్రంథము మోటుపల్లిలో నున్నది. నేటి బాపట్ల జిల్లాలోని ఆ యూర, వీరభద్రస్వామి యాలయమున, కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనము నిలిచియున్నది. పూర్వరాజులు, ఒక దేశమున బయలుదేఱి ఇంకొక దేశమునకు పోవుచు తుపానునకు చిక్కి, పగిలి, తీరమున పడిన ఓడలయందలి బంగారమును, ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను బలాత్కారముగ తీసికొనుచుండిరట. గణపతిదేవుడేమో, ప్రాణముకంటెను ధనము గొప్పదని యెంచి సముద్రమునకు తెగించి వచ్చినవారిపై దయగొని, కీర్తికొఱకును ధర్మముకొఱకును, నిర్ణయింపబడిన సుంకము తప్ప సర్వమును వారికే విడిచితినని చాటెను.

ఇచ్చట రాజు ఆగియున్నచో మన కరపత్రకర్తకు తగిన పూర్వీకుడే యగుచుండెను. దయ, కీర్తి, ధర్మము అను మాటలతో ఒక పుట నింపవచ్చును. కాని ఆగలేదు. ఎగుమతి దిగుమతులపై సుంకము ముప్పదింట ఒకటి యని వ్రాయించెను. అంతటితోను ఆగక, గంధమునకు ఇంత, కర్పూరమునకు ఇంత, పన్నీరునకు, దంతమునకు, ముత్తెములకు, పగడమునకు, రాగికి, పట్టునూలుకు, మిరియములకు, పోకలకు ఇంతింత యని, గద్యాణములలోను పణములలోను రాతిపై చెక్కించెను. ఓడరేవున దిగిన వర్తకుడు, తన భాష వేఱైనను, చదివించుకొని, మూటలోని సొమ్ము తీసి లెక్కపెట్టుకొని, తనకేమి మిగులునో అప్పుడే తెలిసికొనవచ్చును. ఆ రాతికి వెనుకవైపున చిన్న యక్షరములు లేవు.

ఆ రేవునకు ఏయే దేశములనుండి ఎట్టి ఓడలు వచ్చెడివో తలపోయుచు కూర్చుండిన దినములు గలవు. రుద్రమదేవి పాలనను వినిన మార్కోపోలో ఈ రాజ్యమును ఆ రేవు పేరుతోనే ‘ముట్ఫిలి’ యని పిలిచెను. ఓరుగంటి కోటకంటె, వేయిస్తంభముల గుడికంటె ముందు పరదేశికి తెలిసినది రేవు పేరు. కాలక్రమమున ఆ రేవు అడుగంటినది. తరువాతి శతాబ్దులలో కోరంగి, కాకినాడ, భీమునిపట్టణము, విశాఖ రేవులనుండి తెలుగు కూలీలు రంగూనునకు వేలకొలదిగ ఆవిరియోడలెక్కిరి. బర్మావారు తెలుగువానిని ‘కోరంగి’ యనియే పిలిచిరి. వారికి గదులు లేవు, పళ్లెరములు లేవు. డెక్కుపై పరచుకొన్నది పడక, మూటకట్టి తెచ్చుకొన్నది భోజనము. వారును ఈ బంగాళాఖాతమునే దాటిరి. ఆ ప్రయాణమునకు విలాసయాత్ర యని పేరు పెట్టుటకు ఏ కరపత్రకర్తకును నోరాడలేదు.

ప్రకృతమును విడిచితిమని పాఠకులు గుర్తుచేయకముందే వచ్చుచున్నాము. రాజు ఏడువందల యెనుబదేండ్లకు పూర్వము చేసిన పనిని కాలిఫోర్నియా రాష్ట్రము 2024 జూలై 1 నుండి చట్టముగ చేసినది: తప్పక చెల్లింపవలసిన రుసుములను దాచి తక్కువ వెలను ప్రకటింపరాదు. దానితో పెద్ద నౌకాసంస్థలు కొన్ని, ఒక్క రాష్ట్రమునకు వేఱుగ అచ్చువేయుట కష్టమని యెంచి, అమెరికా యంతటను రేవు రుసుములతో గూడిన వెలనే చూప మొదలిడినవి. బక్షీసు మాత్రము ‘ఐచ్ఛికము’ గాన తప్పించుకొన్నది. మోటుపల్లి రాతిని చదివినవారి కది క్రొత్త సంగతి కాదు; చదువనివారికి చట్టము కావలసివచ్చినది.

ఇద్దరు పంచుకొను: ఇచ్చట హాస్యమును కొంచెము పక్కన నుంచెదము. మా పెద్దక్కగారు బడిలో పాఠములు చెప్పి విరమించినవారు, బావగారు పోయిరి. ఒడ్డునుండి సముద్రమును జన్మమంతయు చూచితిని, సముద్రమునుండి ఒడ్డును ఒక్కమాఱు చూచెద నని ఆమె కోరిక. ఏజెంటుగారికి ఫోను చేసితిమి.

“సింగిలా అండీ? సింగిలైతే రెండు టిక్కెట్ల డబ్బులూ కట్టాలండి మాస్టారూ.”

“ఆవిడ ఒక్కరే కదయ్యా వచ్చేది?”

“గది ఇద్దరిదండి. రెండోవారు రాకపోయినా గది గదే కదండి.”

ఇది యొక్క సంస్థ దోషము కాదు. వెలను మనిషికి కట్టి గదిని అమ్ముట ఈ వ్యాపారమున లోకాచారము. ఒంటరివారికై చిన్నగదులను కట్టిన ఓడలు కొన్ని గలవు. నార్వీజియన్‌వారు 2010లో ‘ఎపిక్’ ఓడయందు అట్టివానిని వరుసగ నిర్మించిరి. కాని అవి కొలదియే, ముందే నిండును. గదికి వెల యని వ్రాసినచో ఎవరికిని అభ్యంతరముండదు, హోటళ్లు వ్రాయుటలేదా? “ఒక్కొక్కరికి” యని వ్రాసి, ఒక్కరు వచ్చినపుడు ఆ మాట వర్తింపదనుట యేమి న్యాయము? పోయినవానికిని టిక్కెట్టు కొనుమనుటకు కరపత్రమున బంగారు సిరా వాడనేల? అక్కగారు, “పోనీలేరా, బీచిరోడ్డు ఉందిగా” అనిరి. మేము మాత్రము ఆ దినముననే ఈ వ్యాఖ్యకు పూనుకొంటిమి.

సకల భోజనాలూ కలిపి: మరల శాస్త్రమునకు వత్తము. బౌధాయనుడు తన ధర్మసూత్రములందు సముద్రయానమును పాతిత్యహేతువులలో చేర్చి, దానికి ప్రాయశ్చిత్తమును విధించెను: నాలుగవ భోజనవేళకు మాత్రమే మితముగ భుజించుచు, త్రిసవనస్నానము చేయుచు, పగలు నిలుచుండి, రాత్రి కూర్చుండి మూడేండ్లు గడపవలయును. విహారనౌకను పరిశీలించినచో ఈ ప్రాయశ్చిత్తము చాలవఱకు ఓడలోనే జరిగిపోవునట్లు తోచుచున్నది. స్నానమునకు పైడెక్కున కొలను గలదు. పగలు నిలుచుండుట బఫే వరుసయందు సిద్ధించును. రాత్రి కూర్చుండుట నాట్యశాలయందు. మితభోజన మను నొక్క యంగమే లోపము.

భోజనశాలల భేదమును తెలియక ఓడలను పోల్చుట వ్యర్థము. పూర్వాచారమున రాత్రి భోజనమునకు రెండు పంక్తులు: ఆఱుగంటలకు మొదటిది, ఎనిమిదింటికి రెండవది; దినదినమును అదే బల్ల, అదే వడ్డించువాడు, అపరిచితులగు అవే ముఖములు. నార్వీజియన్‌వారు 2000లో ఇష్టము వచ్చిన వేళ ఇష్టము వచ్చిన చోట తినుడని స్వేచ్ఛను ప్రకటించిరి. స్వేచ్ఛతోపాటు వేఱు వెలగల భోజనశాలలును పెరిగినవి. నేడు చాలమంది రెండు పద్ధతులను నడుపుచున్నారు. ముఖ్యభోజనశాలయు బఫేయు వెలలో చేరినవి. మాంసఖండములు కాల్చు శాల, ఇటలీవారి శాల, జపానువారి శాల చేరవు. కావున “సకల” శబ్దమునకు ఇచ్చట “కొన్ని” యని యర్థము. ఇట్టి యర్థము అమరమునను లేదు, ఆంధ్రనిఘంటువులందును లేదు, రసీదులయందు గలదు.

ఇది కలికాలపు దోషమని విలపింపనక్కఱలేదు. 1905లో జర్మనులు ‘అమెరికా’ యను ఓడపై రిట్జ్‌వారి పేర నొక భోజనశాలను తెఱచి, టిక్కెట్టు కొన్నవారికే మరల వెలకు భోజనము పెట్టిరి. 1912లో మునిగిన ‘టైటానిక్’పైనను ప్రథమశ్రేణివారికి అట్టిది యుండెను. కాని ఒక భేదము: అచ్చటనే భుజింతుమని ముందుగ చెప్పినవారికి ప్రయాణపు వెలలో కొన్ని పౌనులు తగ్గింపబడెడివి. అనగా తినని భోజనమునకు సొమ్ము పుచ్చుకొనరాదను ధర్మము ఆ మునిగిన ఓడపై నుండెను, అది దానితోడనే మునిగినది.

“ప్రపంచస్థాయి రుచులు” అను దానికి మా తీర్పు చిన్నది. ప్రపంచము పెద్దది, మాకు కావలసినది చాఱెడు చాఱు. మనవారు కరపత్రములను పోల్చునపుడు ముప్పది భోజనశాలల పేర్లను చదివి మురియక, రెండు ప్రశ్నలడుగుట మంచిది: ఉల్లిలేని శాకాహారము ముందుగ వ్రాసియిచ్చినచో వండుదురా? దానికి గరిటె వేఱుగ నుండునా? పెద్ద సంస్థలు పెక్కింట మొదటిదానికి ఔనని యుత్తరము వచ్చును. మన తీరపు ఓడలయందు జైనభోజనము సయితము దొరకును. రెండవ ప్రశ్నకు “తప్పకుండా అండీ” యను నుత్తరము వచ్చును. అది యుత్తరము కాదు. ఇంటినుండి తెచ్చిన ఆవకాయ జాడీని ఓడయెక్కు చోట ఆపుట సామాన్యాచారమని తెలిసి మా యింట కొందఱు యాత్రావిముఖులైరి.

కరపత్రమున పళ్లెరము ముందు నవ్వుచున్న ఆ జంట యెవరని మనుమరా లడిగినది. వారు ఓడలో నుండరు. ఇదియు ప్రాచీనసంప్రదాయమే: 1867లో న్యూయార్కునుండి ‘క్వేకర్ సిటీ’ యను ఓడ యూరపునకును పుణ్యభూములకును విహారయాత్ర బయలుదేఱినపుడు, సేనాని షెర్మనును, బీచరను మహోపన్యాసకుడును మీతో వత్తురని చాటిరి, వెల 1,250 డాలర్లు. ఇద్దఱును రాలేదు. వచ్చినవాడు మార్క్ ట్వేయిన్. అతడు యాత్రను గూర్చి వ్రాసిన గ్రంథమువలన ఆ కరపత్రము నేటికిని నవ్వులపాలగుచున్నది. ప్రకటనకర్తలు ఎవరిని పిలువరాదో దీనివలన నేర్చుకొనవచ్చును.

నక్షత్రము: “నుండి” మీద నొకటి, తుదిని నొకటి వెలిగిన ఈ చుక్కకు సంప్రదాయమున దృష్టాంతము కలదు. వధువునకు అరుంధతిని చూపుటకు ముందు దాని దాపున నున్న పెద్దచుక్కను చూపి, పిమ్మట సూక్ష్మమైన దానికి కంటిని నడపుదురు. దీనిని స్థూలారుంధతీన్యాయ మందురు. కరపత్రకర్త దీనిని త్రిప్పివేసెను. ముందు కంటికానని చుక్కను చూపి, దానిని నమ్మి పోయినవానికి పుటలకొలది షరతులను చూపుచున్నాడు. భూతద్దముతో చదువగా తేలినది: వాతావరణము ననుసరించియు, రేవువారి సౌకర్యము ననుసరించియు, సంస్థవారి యభీష్టము ననుసరించియు ఓడ దారి మారవచ్చును, రేవులు తప్పవచ్చును, దిగని రేవునకు రుసుము మాత్రము తిరిగి యిచ్చెదరు, చిత్రములు సూచనామాత్రములు. తుపానునకు దారి మార్చుట ధర్మమే, ఎవరు కాదనిరి? సంస్థవారి యభీష్టమును తుపాను ప్రక్కన కూర్చుండబెట్టుటయే మాకు రుచింపలేదు.

తాత్పర్యము

ఒక్కొక్కరికి నలుబదితొమ్మిదివేల తొమ్మిదివందల తొంబదితొమ్మిది రూపాయలనగా, ఇద్దఱుగ వచ్చి, కిటికీలేని గదిలో, వానకాలమున, మద్యము ముట్టక, ఫోను తెఱువక, రేవున దిగక, బక్షీసు నడుగుటకు ముందే యీది యొడ్డుచేరువారికి అగు వెల. తక్కినవారు ఏజెంటుగారిని మొత్తము వెల యెంతో ఒక కాగితముపై వ్రాసి సంతకము చేసి యిమ్మని యడుగవలయును. మేము అడిగితిమి. “మీరు ముందు అడ్వాన్సు కట్టండి మాస్టారూ, అప్పుడు సిస్టమే చూపిస్తుంది” అని సెలవిచ్చిరి.

ఇది శ్రీమద్విశాఖపుర వేలాతటవాస్తవ్య, ప్రత్యహ సాయంసంచార పవిత్రీకృత చరణ, అదత్తాడ్వాన్సు బిరుదాంకిత లేఖక ప్రణీతంబైన విహారనౌకా కరపత్ర వ్యాఖ్యయందు ప్రథమపుటము. ద్వితీయపుటము అచ్చుతప్పులతో గూడ ఆంగ్లమున నున్నది. దానికి వ్యాఖ్య యొనర్చుటకు ఏజెంటుగారి ఫోను పలుకుట లేదు.